రంగు వేయని చెయ్యి

దామోదరం మళ్లీ చేతి గడియారం చూసుకున్నాడు. ఏడు కావస్తోంది. ముహూర్తం తొమ్మిదింబావుకి.

"ఎన్నిసార్లు సూస్తావప్పా ఆ వాచీ? ఈ పొద్దు ఇంకో పెళ్లి గూడా ఒప్పుకున్నావా ఏమి?" అని అడిగింది మునిరత్నమ్మ.

"ఇంకో పెళ్లేమీ లేదక్కా. ఎనిమిదికల్లా నేను పోవాల, అంతే."

తిరుచానూరు సత్రంలో పెళ్లికూతురికిచ్చిన గది అది. మే నెల. ఫ్యాను తిరుగుతున్నా ముగ్గురికీ చెమటలు పడుతున్నాయి.

దామోదరం ఇరవై ఏళ్లు నాటకాలవాళ్లకు రంగులు వేశాడు. నాటకాలు తగ్గిపోయాక తిరుపతి చుట్టుపక్కల పెళ్లికూతుళ్లకు జడలు వేయడం, ముఖాలు దిద్దడం మొదలుపెట్టాడు. మచ్చలు కప్పడంలో అతని చేతికి పేరుంది. అందుకే మునిరత్నమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

పెళ్లికూతురు పంకజాక్షి ఆమె మేనకోడలు. ఆ పిల్లకు మెడ వెనక రెండు తెల్లమచ్చలున్నాయి. కుడిచేతి మీద ఇంకొకటి, తమలపాకంత. తల్లి లేని పిల్ల. పోయిన ఏడాది మదనపల్లె సంబంధం వాళ్లు ఆ చెయ్యి చూసి, ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచిపోయారు. ఈసారి పెళ్లిచూపుల్లో మునిరత్నమ్మ ఆ చేతిని పమిట కింద దాచిపెట్టించింది. పుత్తూరు హైస్కూల్లో లెక్కల అయ్యవారు మునికృష్ణ, తల కూడా సరిగా ఎత్తకుండానే ఒప్పుకున్నాడు.

పది రోజుల కిందట దామోదరం చంద్రగిరిలో వాళ్లింటికి వెళ్లి ఒకసారి రంగు వేసి చూశాడు. ఒంటి రంగుకు సరిపోయేదాకా నాలుగు రకాలు కలిపాడు. హోమం సెగకు కరుగుతుందేమోనని పంకజాక్షిని గంటసేపు కట్టెల పొయ్యి ముందు కూర్చోబెట్టాడు. రంగు చెక్కు చెదరలేదు. చెంబుతో నీళ్లు పోస్తే మాత్రం చేతిమీదది కారిపోయింది.

"కన్యాదానంలో నీళ్లు పోస్తారు గదప్పా" అంది మునిరత్నమ్మ.

"రెండు పూతలేసి పైన మైనం రాస్తా. కొంచేపు నిలస్తాది."

"ఈ సంగతి ఎవురికీ చెప్పనని కొండమీది సామి మీద ఒట్టెయ్."

వేశాడు. అప్పటినుంచి అతని మనసు మనసులో లేదు.

ఇప్పుడు జడ పూర్తయింది. సవరం కలిపి అల్లి, మొగిలిరేకులు చుట్టి, మల్లెదండల్ని మెడమీదికి దించి కుట్టాడు. మచ్చలు కనబడటం లేదు. ఇక చెయ్యి మిగిలింది. మొదటి పూత వేశాడు. రెండోది వేయబోతుంటే గౌరీపూజకు పసుపు ఎక్కడుందని ఎవరో పిలిచారు. మునిరత్నమ్మ బయటికి వెళ్లింది.

"మామా, నువ్వు ఆయన్ని సూసినావా?" అని మెల్లగా అడిగింది పంకజాక్షి.

కుంచె ఆగింది.

"సూసినా."

"ఎట్లాంటి మనిషి?"

"మెత్తని మనిషి."

"ఈ చెయ్యి సూస్తే ఏమంటాడు?"

"ఏమీ అనడు పాపా."

"నీకెట్లా తెలుసు?"

దామోదరం లేచి కిటికీ దాకా వెళ్లాడు. నోటిదాకా వచ్చిన మాట ఒట్టు దగ్గర ఆగిపోయింది. తిరిగొచ్చి కుంచె అందుకున్నాడు. పంకజాక్షి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తుడిచెయ్ మామా."

"ఏంది?"

"మెడమీదది పూల కింద ఉండనీ. చెయ్యి మాత్రం తుడిచెయ్. ఆయన కండ్లారా సూసినాకే పట్టుకోవాల. వద్దనుకుంటే ఈ పొద్దే పోనీ. రేపు స్నానం చేసినాక తెలిసిందంటే జన్మంతా ఆయన మొగం సూడలేను."

"మీ అత్త నన్ను బతకనీదు పాపా."

"అత్తకు నేను చెప్తా."

అతను కదల్లేదు. ఆమే పక్కనున్న తడిగుడ్డ తీసుకుని గట్టిగా రుద్దుకుంది. రంగు పోయి తెల్లమచ్చ బయటపడింది. ఆమె ముఖంలో భయం అలాగే ఉంది. చెయ్యి మాత్రం స్థిరంగా ఉంది.

పసుపు గిన్నెతో తలుపు తీసిన మునిరత్నమ్మ అక్కడే నిలబడిపోయింది.

"నా గొంతు కోసినావు గదప్పా" అంది దామోదరంతో.

"మామనేమీ అనొద్దత్తా. నేనే తుడుచుకున్నా."

"పీటలమీద సూసి లేచిపోతే?"

"పోనీ."

మునిరత్నమ్మ ట్రంకుపెట్టె మీద కూలబడి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంకజాక్షి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. బయట మేళం మొదలైంది.

దామోదరం వాళ్లిద్దరినీ చూడలేక రంగుల పెట్టె సర్దుకుని బయటపడ్డాడు. ఎనిమిదికి పది నిమిషాలుంది. వాకిలి దాటి, పెళ్లికొడుకు వాళ్లు దిగిన గదుల వైపు నడిచాడు. వేసిన ఒట్టు కాళ్లకు అడ్డం పడుతున్నట్టుంది. రెండుసార్లు ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. చివరికి మూడో గది తలుపు తట్టాడు.

పెళ్లికొడుకు తండ్రి జయరావు తలుపు ఓరగా తీసి, అటూ ఇటూ చూసి, అతన్ని లోపలికి లాగి గడియ వేశాడు.

కుర్చీలో కూర్చున్న మునికృష్ణ మెడకు చుట్టుకున్న కండువా విప్పి, చెవిదాకా పాకిన తెల్లమచ్చను అతని వైపు తిప్పి, "మొన్న ఏసి సూపించినట్టే ఎయ్ మామా, ఆ పిల్లకు మాత్రం తెలీగూడదు" అన్నాడు.