గీత బయట

హాకీ ఆట మొదలైన కాసేపటికే అంపైర్ హరిణికి ఆకుపచ్చ కార్డు చూపించాడు.

జట్టు కెప్టెనే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి.

"నేనేం జేసిన మేడం? స్టిక్కు జర తగిలింది, అంతే," అంటూ వచ్చి బెంచీ మీద కూలబడింది హరిణి.

కోచ్ సూర్యకళ పళ్ళు బిగించింది. ఆ అంపైర్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు. సన్నగా, నెరిసిన మీసంతో, నవ్వంటే తెలియనట్టున్నాడు.

"ఎవరు సార్ ఈయన?" అని పోటీలు నడిపిస్తున్న జనార్ధనరావుని అడిగింది.

"రావాల్సినాయనకు జ్వరం. పొద్దున ఎవరో చెప్తే పిలిపించినం. బసవరాజు అంట. జర సర్దుకో అమ్మా."

సర్దుకోవడం సూర్యకళకు కొత్త కాదు.

నాచారం ఫ్యాక్టరీల వెనకున్న మట్టి మైదానంలో ఆమె ఈ జట్టును మొదలుపెట్టినప్పుడు సగంమంది అమ్మాయిలకు బూట్లు లేవు. చిల్కానగర్ నుంచి, పీర్జాదిగూడ నుంచి షేర్ ఆటోల్లో వచ్చేవారు. తొలి ఏడాది ఒక్క గోల్ కొట్టలేదు. మరుసటేడు పదకొండో మనిషి దొరక్క పదిమందే ఆడారు. ఏటా లీగ్‌లో ఆఖరి స్థానం వీళ్ళదే.

"మీతో మ్యాచంటే మాకు సెలవే," అని ఎదుటి జట్ల పిల్లలు ముఖం మీదే అనేవారు.

ఈ ఏడు ఎలాగో నిలదొక్కుకున్నారు. ఇవాళ ఈ ఉప్పల్ మైదానంలో ఓడకుండా బయటపడితే చాలు, మొదటిసారి నాకౌట్‌కు వెళతారు. ఓడితే ఎదుటి జట్టు వెళుతుంది.

సగం ఆటకు చెరో గోల్.

విరామంలో సూర్యకళ ఆగలేకపోయింది. నీళ్ళు తాగుతున్న అంపైర్ దగ్గరికి నేరుగా వెళ్ళింది.

"కార్డు మాకే, పెనాల్టీ కార్నర్ వాళ్ళకే. వాళ్ళు మీకేమైతరు సార్?"

ఆయన ఆమెకేసి చూశాడు. ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

"పిల్లల్ని ఆడనియ్యండమ్మా," అన్నాడు.

"సూసినవా, జవాబే లేదు," అంది సూర్యకళ, హరిణి దగ్గరికి తిరిగొచ్చి.

రెండో సగమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే చూసింది.

ఇంకో నిమిషం ఉందనగా ఎదుటి జట్టు తొమ్మిదో నంబర్ అమ్మాయి బంతిని అందుకుని బలమంతా పెట్టి కొట్టింది. గోల్‌కీపర్ దూకింది కానీ అందలేదు. బంతి గోల్ వెనక చెక్కకు ఠపీమని తగిలింది.

ఎదుటి జట్టు గంతులేసింది. సూర్యకళ కళ్ళు మూసుకుంది.

ఈల మోగింది.

"గోల్ కాదు," అన్నాడు అంపైర్. "గోల్ ముందున్న సర్కిల్ గీత బయటి నుంచి కొట్టింది, లోపలి నుంచి కొడితేనే లెక్క. లోపల ఎవరి స్టిక్కూ తగల్లేదు."

ఎదుటి జట్టంతా ఆయన్ని చుట్టుముట్టింది. వాళ్ళ కోచ్ కేకలేశాడు. తొమ్మిదో నంబర్ అమ్మాయి మాత్రం వాళ్ళతో వెళ్ళకుండా గీత దగ్గరే నిలబడిపోయింది.

"చెప్పిన గదా. ఆడుండ్రి," అన్నాడాయన.

మిగిలిన క్షణాలు గడిచాయి. ఆట ముగిసింది.

"మేడం, పోయినమా? నిజంగ నాకౌట్‌కు పోయినమా?" హరిణి పరుగెత్తుకొచ్చింది.

"పోయినం బిడ్డా."

సూర్యకళ టర్ఫ్ మీదే కూర్చుండిపోయింది. అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఛాతీలో బిగబట్టుకున్న ఊపిరేదో ఒక్కసారిగా బయటికొచ్చినట్టయింది ఆమెకు.

ఆ తేలికలోనే తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఆ సార్‌కు ఒక మాట చెప్పొస్త," అని లేచింది.

ఆమె గేటు చేరేసరికి ఆయన స్కూటర్ అప్పటికే కదిలింది. పిలుద్దామని చెయ్యెత్తింది.

స్కూటర్ ఆగలేదు, ఆమె పక్క నుంచే వెళ్ళిపోయింది; వెనక సీటు మీద తొమ్మిదో నంబర్ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "బాల్ గీత బయటనే ఉండె, నాకు తెల్సు నాన్నా," అంటోంది.