గేటు పక్క చోటు

"పెద్దాయన మళ్లీ వచ్చాడు, చూడు," అన్నాడు హేమచంద్ర, భార్యకి పిండి గిన్నె అందిస్తూ.

బిందుమాధవి ఉసూరుమంది.

వాళ్లుండే స్కోఫీల్డ్స్‌లో శనివారం సంత. ఆమె పెసరట్ల స్టాల్ ముందు అప్పటికే క్యూ. ఆఫీసులో ఉద్యోగం ఊడాక ఈ పెనం మీదే ఆశలన్నీ పెట్టుకుంది. అదృష్టం కొద్దీ, అందరి కళ్లూ పడే గేటు పక్క చోటు మొదటిరోజే దొరికింది.

"నేను ఫోన్ చేసి సెట్ చేశా కదా!" అని హేమచంద్ర ఇప్పటికీ మీసం మెలేస్తాడు.

వచ్చిన చిక్కల్లా ఈ పెద్దాయన విల్ఫ్‌తోనే. సరిగ్గా రద్దీ వేళకే వచ్చి, స్టాల్‌కి అడ్డంగా నిలబడి, ఇంగ్లండ్‌లో తను పుట్టిన థార్న్‌బీ కబుర్లు మొదలెడతాడు.

"చిన్న ఊరమ్మా మాది. ఏడువందల ఏళ్లుగా గురువారం సంత. నడిబొడ్డున రాతిస్తంభం. గంట కొట్టేదాకా కోడిగుడ్డు కూడా అమ్మకూడదు. ముందే అమ్మినవాళ్లతో మా నాయనమ్మ వారమంతా మాట్లాడేది కాదు!"

"అలాగా," అంటుంది బిందుమాధవి, అట్టు తిప్పుతూ.

వచ్చేవాళ్లలో సగంమంది ఆయన్ని పేరుపెట్టి పలకరిస్తారు. "ఈ పచ్చ దోసె తిని చూడండి," అని ఆయన వాళ్లను క్యూలో నిలబెడతాడు. మంచి మనిషే, కాదనదు. కానీ ఆ ముచ్చట్లతో క్యూ కదలదే!

ఆ శనివారం గ్యాస్ స్టవ్ మొరాయించింది. విసుగొచ్చి ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు.

"మా ఊరివాళ్లు పరమ పిసినారులమ్మా," అంటున్నాడు విల్ఫ్. "కానీ ఒక్క మంచి అలవాటుంది. సంతకి కొత్తగా ఎవరైనా వస్తే..."

"విల్ఫ్, ప్లీజ్! మీ ఊరి గొడవ నాకెందుకు? పక్కకి జరగండి. నా బేరాలు పోతున్నాయి!"

ఆయన టోపీ తీశాడు.

"నిజమేనమ్మా. తప్పు నాదే."

మెల్లగా వెనక వైపు నడిచి వెళ్లిపోయాడు.

"అంత మాట అనాలా? పెద్దవాడు," అన్నాడు హేమచంద్ర.

"నువ్వూరుకో. వచ్చే వారం ఒక ప్లేట్ ఫ్రీగా ఇచ్చి సారీ చెప్తాలే."

మరుసటి వారం విల్ఫ్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బిందుమాధవి చూపు ఊరికే గేటు వైపే పోతోంది.

ఆ రోజు మధ్యాహ్నం సంత మేనేజర్ డెబ్ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"విల్ఫ్ పోయాడు, బిందూ. నిద్రలోనే. వెనక కొళాయి దగ్గర ఆయన మొక్కల స్టాల్ తీసేస్తున్నాం. నీకేమైనా మొక్కలు కావాలా?"

"స్టాల్ ఏమిటి? ఆయనకి స్టాల్ ఉందా?"

"అదేమిటి, సంత పెట్టినప్పటినుంచీ ఉందిగా! ఈమధ్యే ఆ మూలకి ఎవరూ రాక, తెచ్చిన మొక్కలు తెచ్చినట్టే పట్టుకుపోయేవాడు."

"మరి అంత వెనక ఎందుకు పెట్టారు, పాపం?"

"మేమా?" డెబ్ తెల్లబోయింది. "నువ్వు చేరిన వారం తనే జరిగాడు. కొత్తవాళ్లకి ముందు చోటిచ్చి పాతవాళ్లు వెనక్కి వెళ్లాలట. వాళ్ల ఊరి అలవాటట. నీకు చెప్పలేదా?"

హేమచంద్ర తల దించుకున్నాడు. పెనం మీద అట్టు మాడుతోంది.

చెప్పబోయాడు. అయ్యో, చెప్పనిచ్చిందా తను!

ఆయన వదిలిపెట్టిన చోట్లో నిలబడి, ఆయన్నే పక్కకి జరగమంది.