నాలుగువందల పదిహేడో పెట్టె

“417కి ఫోటో ఏది?”

తనిఖీకి వచ్చిన అధికారిణి కంప్యూటర్ తెర మీద గోటితో టకటకా కొట్టింది. మ్యూజియంలోని వస్తువులన్నీ పాత రిజిస్టర్లలోంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఆరు నెలలుగా సాగుతోంది. ఇవాళ సాయంత్రం ఐదుకల్లా ముగియాలి. ఆరువేల పైచిలుకు వస్తువుల పక్కన పచ్చచుక్క వెలిగింది. ఒక్కదాని పక్కన మాత్రం ఎర్రచుక్క, కంట్లో నలుసులా.

“వెతుకుతున్నామండీ” అంది రికార్డుల ఆఫీసరు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే బల్ల మీది చెక్క ఏనుగు వీపు నిమిరింది. కంగారు పుడితే అలా నిమరడం చిన్నప్పటి అలవాటు. ఆరేళ్ల వయసులో జ్వరంతో నెల్లాళ్లు మంచం పట్టినప్పుడు నాన్న చేసిచ్చిన బొమ్మ అది. పెన్సిల్ కూడా తిన్నగా చెక్కడం రాని మనిషి కూతురి కోసం ఏకంగా ఏనుగునే చెక్కాడని అమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది. బల్ల గీసుకుపోకుండా పాదాల కింద మఖమల్ గుడ్డ అతికించింది కూడా ఆయనే.

ఈ స్టోరుకి ఆ నాన్నే ముప్పై ఏళ్లు కీపరు. ప్రతి వస్తువు అడుగునా ఎర్రరంగుతో నంబరు వేసే పద్ధతి ఆయన పెట్టిందే. ఆయన ఏడు రాస్తే నడుం మీద అడ్డగీత తప్పదు. “మీ నాన్నగారి ఏడు బెల్టు పెట్టుకుంటుంది తల్లీ” అని స్టోర్ బాబాయ్ నవ్వించేవాడు. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఐదింటికి జరిగే సభలో ఆయన ఫోటోని హాల్లో గోడకి తగిలించబోతున్నారు. ‘ఒక్క వస్తువూ పోనివ్వని మనిషి’ అని కింద రాయించింది కూతురే.

స్టోర్ బాబాయ్ ఇత్తడి మూలల పాత రిజిస్టరు మోసుకొచ్చాడు. నాన్న దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత తాళాలు అందుకున్నవాడు. బల్ల మీద అంత ఖాళీ ఉన్నా, రిజిస్టరుని సరిగ్గా ఏనుగు ముందు నిలబెట్టి పట్టుకున్నాడు.

“అలా పట్టుకుంటే ఎలా చదవను? తెరవండి” అంది అధికారిణి.

పేజీని పురుగు కొట్టేసింది. ‘417... ఎత్తు నాలుగంగుళాలు... కానుక’ అన్నంత వరకే మిగిలింది.

“ఏం వస్తువు ఇది?”

“గుర్తు లేదు మేడమ్.”

ఆఫీసరమ్మ చివ్వున తలెత్తి అతని వైపు చూసింది. కళ్లకి గంతలు కట్టినా ఏ గుండీ ఏ సొరుగులో ఉందో చెప్పే మనిషికి గుర్తు లేదా?

“417 పెట్టె ఖాళీ” అంది అధికారిణి. “దూది మాత్రం నొక్కుకుపోయి ఉంది. అంటే ఒకప్పుడు అందులో వస్తువు ఉంది. మరి ఏటేటా ‘ఉంది’ అని టిక్కు పెట్టిందెవరు?”

“తొమ్మిదేళ్లుగా నేనే మేడమ్.”

“అంతకు ముందు?”

“మా నాన్నగారండీ. కళ్లారా చూడందే ఆయన టిక్కు పెట్టరు” అంది ఆఫీసరమ్మ చటుక్కున. బాబాయ్ తల దించుకున్నాడు.

అధికారిణి గడియారం చూసుకుంది. “పది నిమిషాలు. ఫోటో అయినా ఉండాలి, పోగొట్టినవాళ్ల పేరు అయినా ఉండాలి” అని ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది.

“బాబాయ్, నిజం చెప్పు. ఏమైంది అది?”

“ఆ ఒక్కటీ ఖాళీగా వదిలెయ్ తల్లీ.”

“ఎలా వదిలెయ్యను? కాగితం కాబట్టి ఇన్నాళ్లూ టిక్కులు నడిచాయి. ఇది ఫోటో లేనిదే ఒప్పుకోదు. లేదంటే పోయిందని రాయాలి. ఎవరి వల్ల పోయిందో రాయాలి.”

“అయితే నా పేరు రాసెయ్.”

“నువ్వు తీశావా?”

“రాయమన్నాగా.”

“ఉద్యోగం ఊడుతుంది. పోలీసులు ఇంటికొస్తారు. పిన్నికేం చెప్తావ్?”

“పిన్నికి తెలుసులే.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. స్కూలు నుంచి సైకిల్ మీద ఎక్కించుకొచ్చిన మనిషి, తన జ్వరానికి మందుల కోసం వానలో పరుగెత్తిన మనిషి. మొగుడూ పెళ్లాం కూడబలుక్కుని మరీ ఈ పని చేశారా?

“నమ్మి తాళాలు ఇచ్చాడు నీకు. నాన్నే బతికుంటే నీ మొహం చూసేవాడు కాదు!”

బాబాయ్ రిజిస్టరు మూసి మళ్లీ ఏనుగు ముందుకి జరిపాడు. అంతే.

ఐదుకి మూడు నిమిషాలుండగా ఆమె ఆ పేరు కొట్టింది. ఒక్కో అక్షరానికీ వేలు మొరాయించింది. ఎర్రచుక్క నల్లగా మారింది. తిరిగొచ్చిన అధికారిణి తెర చూసి తలూపి, కాగితం తీసుకుని డైరెక్టరు గదికి వెళ్లిపోయింది. హాల్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

బాబాయ్ తాళాలగుత్తి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“ఒక్క మాట తల్లీ. ఆ ఏనుగుని ఇంటికి తీసుకుపో. ఇక్కడ ఉంచకు.”

“దాని జోలికి రాకు! మా నాన్న చేసింది అది. నీలాంటివాళ్ల కన్ను కూడా పడకూడదు!”

ఆమె విసురుగా ఏనుగుని లాక్కుంది. మఖమల్ గుడ్డ అంచు రిజిస్టరు ఇత్తడి మూలకి తగులుకుని చర్రున ఊడొచ్చింది.

అడుగున, ఎర్రరంగులో, నాలుగు, ఒకటి, బెల్టు పెట్టుకున్న ఏడు.