ఎడమచేతి వాచీ

"ఇది కాదండీ. ఇంకా వెడల్పు బెల్టుది చూపించండి."

సత్యదేవ్ ఈ మాట ఎన్నోసారి అంటున్నాడో అద్దాల బల్ల వెనకున్న హరికిషన్ లెక్కపెట్టడం మానేశాడు.

క్లాక్ టవర్ దగ్గర ఆ వాచీల దుకాణం చిన్నదే. బల్ల మీద వాచీలు మాత్రం సంతలో వంకాయల్లా గుట్టపడ్డాయి.

"సార్, మీ మణికట్టు సన్నం. గింత పెద్ద బెల్టు ఏసుకుంటే దెబ్బకు కట్టు కట్టినట్టు కనవడ్తది."

"కనబడనివ్వండి. ఇది మాత్రం కనబడకూడదు."

సత్యదేవ్ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎడమ మణికట్టుకు కాస్త పైన, చుట్టూతా ఒక గీత. గీతకు పైన చెయ్యి తెలుపు, కింద చామనఛాయ.

రెండేళ్ల కిందట ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ అతని ఎడమచేతిని తీసుకుపోయింది. నిరుడు డాక్టర్లు, చనిపోయినవారెవరో దానమిచ్చిన చెయ్యి తెచ్చి అతికించారు. ఎవరిదో చెప్పకూడదట. అతనూ అడగలేదు.

ఆ చేత్తో బొత్తాలు పెట్టడం, తాళం తిప్పడం చంటిపిల్లాడిలా మొదట్నుంచీ నేర్చుకున్నాడు. ఏడ్చాడు, మళ్లీ నేర్చుకున్నాడు. రేపు తిరిగి పనిలో చేరుతున్నాడు. అదే ప్రెస్సు, అదే మనుషులు. వాళ్లు ఆ గీతను చూసి "అయ్యో పాపం" అనడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

"కుడిచేతికి పెట్టుకోండి, ఏ గొడవా ఉండదు" అంది పొద్దున భార్య యామిని.

"నేను వాచీ పెట్టుకునేది ఎడమచేతికే."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

హరికిషన్ ఇంకోటి తీశాడు. నాలుగువేళ్ల వెడల్పు తోలుబెల్టు. గీత పూర్తిగా మాయమైంది.

"హమ్మయ్య! ఇదే ఖాయం."

"అది వద్దు బిడ్డా."

సత్యదేవ్ పక్కకు తిరిగాడు. యాభై దాటిన ఆవిడ. నలిగిన నేతచీర, భుజాన గుడ్డసంచి. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో, చూపు మాత్రం అతని చేతి మీద నుంచి కదలడం లేదు.

"ఎందుకొద్దు?"

"ఊపిరాడది దానికి. చిన్న డయలుది, చైను వాచీ పెట్టు. ఆ చేతికి మంచిగుంటది."

"మిమ్మల్ని నేనడిగానా అండీ?"

ఆవిడ వినిపించుకోలేదు. బెల్టు విప్పేసి, బొటనవేలూ మధ్యవేలూ కలిపి అతని మణికట్టును చుట్టింది. కొత్త చేతికి స్పర్శ ఇంకా అంతంతమాత్రమే అయినా, ఆ వెచ్చదనం అతనికి తెలిసింది.

"జెర పిడికిలి పట్టు బిడ్డా. ఏళ్లు మంచిగ ముడుసుకుంటున్నయా?"

సత్యదేవ్‌కు ఒళ్లు మండింది. ఎదురింటివాళ్ల దగ్గర్నుంచి చుట్టాల దాకా అందరూ ఇంతే. పట్టుకుని చూడటం, వింతపడటం.

చెయ్యి విదిలించి లాక్కున్నాడు.

"ఇదేమైనా ఎగ్జిబిషనా? నా చెయ్యి, నా ఇష్టం!"

ఆవిడ మొహం చిన్నబోయింది. మెల్లగా తలూపింది.

"అవు బిడ్డా. నీ చెయ్యే."

బల్ల ఆ చివరికి వెళ్లి హరికిషన్‌ను పిలిచి ఏదో చెప్పింది. కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగిపోయింది.

పీడ విరగడైంది అనుకున్నాడు సత్యదేవ్.

హరికిషన్ తిరిగొచ్చాడు. అరచేతిలో చిన్న డయలున్న చైను వాచీ ఉంది. కొత్తది కాదు.

"ఒక్కసారి ఇది పెట్టి చూడుండ్రి సార్."

"చైనుదా? మళ్లీ లింకులు తీయాలి, సరిచేయాలి..."

"ఏం తీసేది లేదు. పెట్టుండ్రి."

విసుగ్గానే చెయ్యి చాపాడు. చైను టక్కున పడింది. చెయ్యి దించితే జారలేదు. పిడికిలి బిగిస్తే ఒరుసుకోలేదు. కొలిచి చేయించినట్టుంది.

పైన గీత గీతలాగే కనబడుతోంది. అయినా ఆ చేతిని చూసుకుంటే అతనికి మొదటిసారి ముచ్చటేసింది.

"భలే కుదిరిందే! ఎవరిదిది?"

"రాజేందర్ అని, నా దగ్గరనే కొన్నడు. లింకులు నేనే తీసి కొలత సెట్ చేసిన."

"మరి ఆయనకొద్దా?"

"నిరుడు బోయిన్‌పల్లి మార్కెట్ కాడ లారీ గుద్దింది సార్. పాణం పోయింది. ఇప్పుడే మెట్లు దిగిపోయిందే, ఆమె వాళ్లమ్మ. బ్యాటరీ ఏయించనీకి వచ్చి, వాచీ మీకియ్యమన్నది."

"నాకా? నాకెందుకు?"

హరికిషన్ అతని ఎడమచేతి బొటనవేలి పక్కనున్న పాత మచ్చ మీద వేలు పెట్టాడు.

"రాజేందర్‌ను చిన్నప్పుడు ఈడనే కుక్క కరిచిందంట."

సత్యదేవ్‌ను పుట్టి బుద్ధెరిగి ఏ కుక్కా కరవలేదు.

ఒక్క ఉదుటున రోడ్డు మీదికి పరుగెత్తాడు. "అమ్మా!" అని అరిచాడు.

యాప్రాల్ వెళ్లే బస్సు అప్పటికే మలుపు తిరిగింది. ఇందాక అతను విదిలించి లాక్కున్న ఆ ఎడమచేతిని నవమాసాలు మోసి కన్న తల్లి, అందులో వెళ్లిపోయింది.