చేత్తో ముట్టుకోవద్దు

“ఇది యంత్రం చేసిన పనేనా?”

పరీక్షల విభాగం మేడమ్ లాప్‌టాప్‌ని మరబాబు ముందుకు తోసి, వెళ్ళి తలుపు వేసి వచ్చింది. మంచిమాట చెప్పడానికి ఎవరూ తలుపులు వేసుకోరు.

“ఏది మేడమ్?” అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

“ఇదిగో, ఈ వరస.”

వాళ్ళ కంపెనీ సొంతంగా ఒక చిప్పు తయారుచేస్తుంది. మనుషులు రాసే ప్రోగ్రాములను ఆ చిప్పుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే కంపైలరు తయారయ్యేది ఈ అంతస్తులోనే. ఏ ఆజ్ఞ పేరేమిటి, నంబరేమిటి, అది చేసే పనేమిటి అన్న నిర్వచనాలన్నీ ఒక ఫైలులో రాసి పెడతారు. వాటిలోంచి నంబర్ల జాబితానూ, పేరు చెబితే ఆజ్ఞను వెతికిపెట్టే పట్టికనూ ఒక ప్రోగ్రాము దానంతటదే పుట్టిస్తుంది. ఆ ప్రోగ్రాము రాసింది మరబాబేనని అందరి నమ్మకం. ఆ పేరు అందుకే వచ్చింది. పట్టిక నెత్తిన ‘ఇది యంత్రం తయారుచేసినది, చేత్తో ముట్టుకోవద్దు’ అని ఒక హెచ్చరిక కూడా ఉంటుంది.

ఆ హెచ్చరికను ప్రతిసారీ మరబాబే చేత్తో టైపు చేస్తాడు.

ప్రోగ్రాము లేదు. రాద్దామని కూర్చున్నాడు, కుదరలేదు. గడువు రోజున పరువు దక్కించుకోవడానికి, ఈ ఒక్కసారికే అనుకుని, పట్టిక మొత్తం చేత్తో రాసి ఇచ్చాడు. డైరెక్టరు భుజం తట్టి, కంపెనీ అంతా చాటింపు వేశాడు. ఇక నోరు విప్పే వీలు లేకపోయింది. అప్పటినుంచీ నిర్వచనాలు మారినప్పుడల్లా సెలవురోజున భార్య భోజనాలబల్ల దగ్గర కూర్చుని పేర్లు చదువుతుంది, అతను అక్షరక్రమంలో పెడతాడు. “మీ ప్రోగ్రాముకి గొంతు నొప్పిగా ఉంది, కాసిని వేడినీళ్ళు ఇస్తారా?” అని దెప్పుతుంది కూడా.

ఇవాళ మధ్యాహ్నం ఆ ప్రోగ్రామును అతిథుల ఎదుట నడిపి చూపించాలని డైరెక్టరు కబురు పెట్టాడు. ఉద్యోగం ఊడడం ఖాయమనుకుని మరబాబు వస్తూనే తన సొరుగు సర్దేసుకున్నాడు. ఈలోపు ఈవిడ.

“‘లోడ్2’ అనే ఆజ్ఞని పైనా, ‘లోడ్10’ని కిందా పెట్టింది నీ యంత్రం,” అంది మేడమ్. “యంత్రం అలా పెట్టదు. దానికి అంకెలు కూడా అక్షరాలే. పదిలో మొదట ఉన్నది ఒకటి కాబట్టి పదే ముందు రావాలి. రెండు తర్వాత పది పెట్టేది మనిషే.”

“ఆ పేరైతే పట్టికలో ఉంది కదా మేడమ్...”

“ఉండి ఏం లాభం? నిఘంటువులో మాటని తప్పు పేజీలో వేస్తే ఎవరికి దొరుకుతుంది? కంపైలరు పట్టికని మధ్యలో తెరిచి, అక్కణ్ణుంచి పైకో కిందకో వెళ్ళి వెతుకుతుంది. ఉండాల్సిన చోట కనబడకపోతే లేదనేస్తుంది. మన చిప్పు కొన్నవాళ్ళ దగ్గర అదే జరిగింది. ఫిర్యాదు తిన్నగా నాకొచ్చింది.”

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడంటే అంతస్తు మొత్తానికి హడలు. పట్టికలో ప్రతి పేరునూ వెతికించి చూసే పరీక్షల ప్రోగ్రాము ఆవిడది. పట్టిక ఇచ్చిన కొన్ని రోజులకు ‘అన్నీ సరిగ్గా ఉన్నాయి’ అనో, కాదనో దాని నివేదిక వస్తుంది. దాని మాటకు ఎదురు లేదు.

“నిజం చెప్పు. నీ దగ్గర ప్రోగ్రాము ఉందా, లేదా?”

“లేదు మేడమ్.” అనేశాక ఏడుపొచ్చినంత పనైంది అతనికి. “నేనూ మా ఆవిడా కూర్చుని...”

ఆవిడ కేకలేస్తుందనుకున్నాడు. వేయలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.

“ఇంకెవరికైనా తెలుసా?”

“తెలీదండీ.”

అంతలో ఆవిడ ఫోను మోగింది. డైరెక్టరు. మాట్లాడొద్దని మరబాబుకి సైగ చేసి స్పీకరు నొక్కింది.

“అమ్మా, అతిథులు బయల్దేరారు. ముందు అతని ప్రోగ్రాము, వెంటనే మీ పరీక్షల ప్రోగ్రాము. రెండూ వాళ్ళ కళ్ళెదుటే నడవాలి. ఏర్పాట్లు చూసుకోండి.”

ఆవిడ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అదంతా తనమీద కోపమే అనుకున్నాడు మరబాబు. ఇప్పుడు చెప్పేస్తుంది, తన పని అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

“ఇవాళ కుదరదండీ,” అంది ఆవిడ. “పట్టికలో ఒక తప్పు బయటపడింది. అది సర్దేదాకా ఏదీ చూపించకపోవడమే మంచిది. ఒక నెల గడువివ్వండి.”

“తప్పా? మీ ప్రోగ్రామే పట్టుకుందా?”

“ఆఁ... అంతే అనుకోండి.”

“శభాష్! దాని ముందు ఎవరి ఆటలూ సాగవు. సరే, వాళ్ళకి నేను సర్దిచెబుతాను.”

ఆవిడ ఫోను పెట్టేసింది. మరబాబు ఆవిడ కాళ్ళమీద పడబోయి, బల్ల అడ్డం రావడంతో ఆగాడు.

“మీ మేలు జన్మలో మరిచిపోను మేడమ్. నన్ను వెనకేసుకొచ్చారు.”

“అవన్నీ తర్వాత. ఈ నెలలో ఆ ప్రోగ్రాము నిజంగా రాయాలి. రోజూ నేనూ నీతో కూర్చుంటాను. ముందు ఆ రెండు వరసలూ సరిచెయ్యి.”

అతను సరిచేశాడు. ప్రాణం కాస్త కుదుటపడ్డాక ఒక అనుమానం మొదలైంది. ఈ పట్టిక పోయిన నెలలోనే పరీక్షకు వెళ్ళింది. అన్నీ సరిగ్గా ఉన్నాయనే తిరిగొచ్చింది.

“మేడమ్, ఒక్కమాట అడగనా? కొన్నవాళ్ళకి దొరకని వరస అప్పుడు మీ ప్రోగ్రాముకి ఎలా దొరికింది?”

ఆవిడ తలుపు సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసుకుంది.

“ఆ వరస దగ్గర నాకు కునుకు పట్టింది,” అంది.