రెండు దెబ్బలు

పక్క గది గోడ మీద ఎవరో కొట్టారు.

టక్ టక్.

బొమ్మలక్క చేతిలోని వైరు జారి కింద పడింది.

పక్క గది ఖాళీ. ఆ వరసంతా ఖాళీ. ఖైదీలను కొత్త జైలుకు తరలించి ఏళ్లయింది. రేపు ఈ పాత జైల్లో కళాప్రదర్శన. ఒక్కో కళాకారుడికి ఒక్కో గది. ఆ గది కథేమిటో ఆ గదిలోనే చూపించాలి.

ఆమె ఏరికోరి ఈ ఒంటరి కొట్టునే అడిగి తీసుకుంది. సమ్మె చేసిన పాపానికి వాళ్ల నాన్నను పడేసింది ఇందులోనే.

విడుదలై ఇంటికొచ్చాక కూడా నాన్న కంచం ముందు కూర్చుంటే చాలు, పక్కనున్న గోడ మీద మూడుసార్లు కొట్టేవాడు. చెవి ఆనించి చాలాసేపు వినేవాడు. ఏమీ వినిపించక, అరకొరగా తిని లేచేవాడు.

"గోడతో వియ్యమందావా ఏం?" అని అమ్మ సణిగేది.

"ఏం వింటున్నావు నాన్నా?" అని ఈమె ఎన్నిసార్లు అడిగిందో! ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ ఒక్క మాట చెప్పకుండానే పోయాడు.

అదేమిటో తెలియని బాధే ఆమెను ఇక్కడిదాకా లాక్కొచ్చింది. నాన్న ఆఖరి రోజుల్లో ఫోనులో పట్టిన ఆ దెబ్బలనే స్పీకరుకు ఎక్కించి గోడకు బిగించింది. మూడు దెబ్బలు, కాసేపు నిశ్శబ్దం. మళ్లీ మూడు దెబ్బలు. అంతే ప్రదర్శన.

ఇప్పుడా నిశ్శబ్దంలోంచి ఎవరో బదులిస్తున్నారు.

స్పీకరు మోగింది. టక్ టక్ టక్.

అవతలి గోడ పలికింది. టక్ టక్.

"తమ్ముడూ... నువ్వేనా?" ఆమె వసారావైపు తిరిగి అడిగింది.

వసారాలో నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ ముఖానికి సున్నం కొట్టినట్టయింది. "నేనిక్కడే ఉన్నా కదక్కా! ఇలాంటి చోట్ల పోయినవాళ్లు ఊరికే పోరంట..."

"నోర్ముయ్! ముందు కాపలాయన్ని పిలువు."

గోడ పట్టుకుని వెళ్లి పక్క గదిలోకి తొంగి చూసింది. చీకటి మూలలో ఏదో కదిలింది. ముసలాయన. మాసిన గడ్డం. లేచి, ముఖం తడమబోతున్నట్టు రెండు చేతులూ చాపి ఆమె మీదికే వచ్చాడు.

ఆమె కేక పెట్టింది.

కాపలాయన కర్రతో పరుగెత్తుకొచ్చాడు. అతని ఖాకీ చొక్కా కంటబడగానే ముసలాయన గిరుక్కున గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

"తిన్నా సార్... తిన్నా!" గజగజ వణికాడు.

"తిన్నావా అని నిన్నెవడు అడిగాడయ్యా! లే!" కాపలాయన చొక్కా పట్టి లేపాడు. "సామాను మోసేటప్పుడు దూరినట్టున్నాడమ్మా. ఏం చెయ్యమంటారు?"

భయం దిగి కోపం ఎక్కింది ఆమెకు. నాన్న గుర్తుతో వేళాకోళమా?

"గెంటెయ్. మళ్లీ ఈ ఛాయలకు రానివ్వకు."

ముసలాయన వెళ్లిపోయాక ఆమె గదిలోకి వచ్చి కూలబడింది.

ఎలక్ట్రీషియన్ గుమ్మం దగ్గర క్యారేజీ విప్పుతూ తల తిప్పాడు.

"తిన్నావా, అక్కా?"

అదే క్షణంలో స్పీకరు మోగింది. టక్ టక్ టక్.

ఆమె చటుక్కున తలెత్తింది.

"మళ్లీ అను."

"ఏంటక్కా?"

"ఇందాకటి మాట."

"తిన్నావా అన్నా. తప్పా?"

తి... న్నా... వా. ఆమె వేలు నేల మీద మూడుసార్లు ఆడింది. తరవాత రెండుసార్లు: తి... న్నా.

చెప్పులు వదిలేసి పరుగు తీసింది. గేటు బయట బస్సుల రొద, దుమ్ము. ముసలాయన లేడు.

"ఏడీ ఆయన?"

"ఏదో బస్సెక్కేశాడమ్మా. మళ్లీ రాకుండా గట్టిగానే బెదిరించా." కాపలాయన మీసం దువ్వుకున్నాడు. "పోతూ కూడా ఒకటే నస. 'మరి లోపలాయన తిన్నాడా సార్?' అంటూ."

"నువ్వేమన్నావు?"

"లోపల ఎవరూ లేరు, పొమ్మన్నా."

ఆమె గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

నాన్న బతికినన్నాళ్లూ కంచం ముందు చెవి ఒగ్గి ఎదురుచూసింది, ముఖమైనా చూడని ఆ పక్క గది మనిషి తిన్నాడన్న కబురు కోసమే.