నిమ్మకాయ తర్వాతి బరువు

చలికాలంలోనే బోదురమ్మ అనే ముసలికప్పకు బెంగ పట్టుకుంది. ఎండలొస్తే తామున్న గుంట ఎండిపోతుంది. చెరువేమో గట్టు అవతల ఉంది. ఆ గట్టు ఎగిరి దాటడం తన కాళ్ల వల్ల కాదు. అందుకని వీపున వేపగింజ పెట్టుకుని రోజూ గెంతసాగింది. అలవాటయ్యాక కుంకుడుకాయ, నెలలు గడిచాక ఉసిరికాయ, చివరికి నిమ్మకాయ.

"ఈ వయసులో కసరత్తేంటి అవ్వా, కాటికి దూకడానికా?" అని పడుచుకప్ప దుడుకయ్య పడీపడీ నవ్వాడు. ఎండలు ముదిరాక తనూ మొదలెట్టి, తొలిరోజే నిమ్మకాయంత గులకరాయి ఎత్తాడు. పది రోజుల్లో తొడలు పొంగాయి. వాటిని చూపించుకోవడానికే గుంటంతా తిరిగాడు.

"కండ తొందరగా పొంగుతుందిరా. దాన్ని ఎముకకు కట్టే నరం మాత్రం నెమ్మదిగా గానీ గట్టిపడదు. నా వయసుకు మరీ నెమ్మది," అంది బోదురమ్మ. వింటేగా!

నీళ్లు ఇంకిపోయిన పొద్దున దుడుకయ్య గట్టు మీదికి ఒక్క ఊపున ఎగిరాడు. మడమ నరం టప్పుమంది. బురదలో వెల్లకిలా పడ్డాడు.

"అవ్వా, నన్నొదిలేసి పోతావా?"

బోదురమ్మ ఎగాదిగా చూసింది. "నిమ్మకాయ కంటే పిసరంత ఎక్కువ బరువున్నదేదా అని వెతుకుతున్నా. ఎక్కరా, నీ తొడలతో కలిపి సరిపోతావు!"